ఆకాశవాణి, దూరదర్శన్ ఎవరివి? వాటి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రేడియో గురించి ఎక్కడ మాట వచ్చినా "అది గవర్నమెంటుదే కదా" అని ఒకరంటారు. "కాదు, స్వతంత్ర సంస్థ" అని ఇంకొకరు అందుకుంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎంత నిజమో తేలాలంటే వందేళ్ల వెనక్కి వెళ్లి, ఏ రోజుల్లో ఎవరు డబ్బు పెట్టారో చూసుకుంటూ రావాలి. నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రసార భారతి అంటే ఏమిటి?

ఆకాశవాణి, దూరదర్శన్ రెండింటినీ నడిపే సంస్థ. పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. ఆ చట్టం 1990లో వచ్చింది, అమల్లోకి మాత్రం 1997 సెప్టెంబరు 15న వచ్చింది. మధ్యలో ఏడేళ్లు ఎందుకు పట్టిందో కింద చెబుతాను.

మన దేశంలో రేడియో మొదలుపెట్టింది ప్రభుత్వమేనా?

కాదు. మొదలుపెట్టింది ఔత్సాహికులు. 1923లో బొంబాయి, కలకత్తాల్లో రేడియో క్లబ్బులు ప్రసారాలు చేశాయి. మద్రాసులో 1924లో క్లబ్బు పెట్టారు. సభ్యుల చందాలతో నడిచిన ఆ క్లబ్బు మూడేళ్లకే చేతిలో డబ్బు లేక మూతపడింది. దాని ట్రాన్స్‌మిటర్ మద్రాసు కార్పొరేషన్‌కి వెళ్లింది. 1930 నుంచి కొన్నేళ్లపాటు కార్పొరేషనే ప్రసారాలు నడిపింది. ఒక నగర పాలక సంస్థ రేడియో స్టేషన్ నడిపిందంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

వ్యాపారంగా మొదలుపెట్టింది ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. 1927 జులై 23న బొంబాయి స్టేషన్‌ని వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ ప్రారంభించాడు, ఆగస్టులో కలకత్తా స్టేషన్ మొదలైంది. రేడియో ఉన్నవాళ్లు ఏడాదికి 10 రూపాయల లైసెన్సు ఫీజు కట్టాలి, అందులో 8 రూపాయలు కంపెనీకి. సెట్ల మీద కూడా కొంత వాటా వచ్చేది. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ సెట్టు కొనే స్తోమత ఎందరికుంది? మూడేళ్లకు కూడా లైసెన్సులు 8,000 దాటలేదు. 1930 మార్చి 1న కంపెనీ చేతులెత్తేసింది.

మరి ప్రభుత్వం చేతికి ఎలా వచ్చింది?

దివాలా తీసిన కంపెనీని 1930 ఏప్రిల్‌లో ప్రభుత్వం తీసుకుంది, అదీ ప్రయోగంగా రెండేళ్లకే. 1931లో ఖర్చు భరించలేక మూసేస్తామని ప్రకటించింది కూడా. జనం, సెట్ల వ్యాపారులు గోల పెడితే వెనక్కి తగ్గింది. తరవాత చేసిన పని గమనించండి: దిగుమతి అయ్యే రేడియో సెట్ల మీద సుంకాన్ని 25 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. 1932 చివర్లో బీబీసీ విదేశీ సర్వీసు మొదలవడంతో, ఇక్కడి యూరోపియన్లు సెట్లు ఎగబడి కొన్నారు. ఆ సుంకం డబ్బుతో ఇక్కడి రేడియో ఊపిరి పీల్చుకుంది.

1935లో బీబీసీ నుంచి లయోనెల్ ఫీల్డెన్ అనే అధికారి వచ్చాడు. ఆయన హయాంలోనే 1936 జనవరి 1న ఢిల్లీ స్టేషన్ మొదలైంది, అదే ఏడాది జూన్ 8న 'ఆలిండియా రేడియో' అన్న పేరు ఖాయమైంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన వాటాకి మిగిలినవి ఆరు స్టేషన్లు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, లక్నో, తిరుచిరాపల్లి. జనాభాలో 11 శాతానికే రేడియో అందేది.

'ఆకాశవాణి' పేరు ఎవరు పెట్టారు?

మైసూరులో ఎం.వి. గోపాలస్వామి అనే సైకాలజీ ప్రొఫెసర్ ఉండేవారు. 1935లో తన ఇంట్లోనే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి స్టేషన్ నడిపారు. ఆ స్టేషన్ పేరు ఆకాశవాణి. ఆలిండియా రేడియో 1957 నుంచి ఆ పేరును తనదిగా చేసుకుంది. 2023 మే నుంచి ఇంగ్లీషు ప్రసారాల్లో కూడా ఆకాశవాణి అనే అనాలని నిర్ణయించారు.

తెలుగువాళ్లకు రేడియో ఎప్పుడు వచ్చింది?

రెండు దారుల్లో వచ్చింది. ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి, 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలూ ఇచ్చేది. హైదరాబాద్ సంస్థానంలో నిజాం ప్రభుత్వం 1935 నుంచి దక్కన్ రేడియో నడిపింది. ఉర్దూదే పెద్దపీట, తెలుగుకి కొంత సమయం. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బందరు రోడ్డులో పున్నమ్మతోట అంటే ఈనాటికీ చాలామందికి రేడియో స్టేషనే గుర్తొస్తుంది. విశాఖపట్నం, కడప కేంద్రాలు 1963లో వచ్చాయి. బాలాంత్రపు రజనీకాంతరావు గారి భక్తిరంజని వింటూ నిద్ర లేచిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాన్ని ఇంటింటి పండగ చేశారు. లలిత సంగీతం అనే ఒక పాటల సంప్రదాయమే తెలుగు రేడియో స్టూడియోల్లో పెరిగి పెద్దదైంది. అమ్ముడుపోతుందా లేదా అన్న బెంగ లేని చోటే అలాంటివి పుడతాయని నా నమ్మకం.

రేడియోకి లైసెన్సు ఉండేదట, నిజమేనా?

నిజమే. మా తాతయ్యగారి లైసెన్సు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అరచేతిలో పట్టేంత పుస్తకం. మొదటి పేజీలో ఆయన పేరు, ఊరు, సెట్టు వివరాలు పోస్టుమాస్టరు చేతిరాతతో ఉంటాయి. లోపలి పేజీల్లో ఏడాదికో స్టాంపు అంటించి, దాని మీద గుండ్రటి పోస్టాఫీసు ముద్ర వేశారు. మామూలు రేడియోకి ఏడాదికి 15 రూపాయలు ఉండేది, టీవీకి 50. గడువు దాటితే అదనంగా కట్టాలి. అసలు లైసెన్సే లేకుండా సెట్టు పెట్టుకోవడం నేరం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇందుకు ఆధారాలు.

తనిఖీకి వస్తారని కబురు తెలిస్తే రేడియోని వడ్ల గాదెలో దాచిన ఇళ్ల కథలు మా ఊళ్లో చాలా ఉన్నాయి. మా తాతయ్య మాత్రం ఆ పుస్తకాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో సమానంగా ట్రంకు పెట్టెలో పెట్టుకునేవారు. పొద్దుటి వార్తలు ఆలస్యమైతే "డబ్బులు కడుతున్నాం, ఇదేం పని" అని కార్డు ముక్క రాసి పోస్టు చేసేవారట. ఆ మాట అనగలగడం చిన్న సంగతి కాదు.

ఆ లైసెన్సు ఎందుకు ఎత్తేశారు?

ట్రాన్సిస్టర్లు వచ్చాక ప్రతి ఇంటికీ, ప్రతి టీ కొట్టుకీ రేడియో చేరింది. అందరి దగ్గరా వసూలు చేయడం తలకు మించిన పనైంది. తక్కువ ధర సెట్లకు ముందే మినహాయింపులు ఇచ్చుకుంటూ వచ్చారు. చివరికి 1985లో రేడియో, టీవీ రెండింటికీ లైసెన్సు ఫీజు రద్దయింది.

జనం సంతోషించారు, అందులో తప్పు లేదు. లైసెన్సు ఉన్న రోజుల్లో కూడా ఆ డబ్బు పోస్టాఫీసు గుండా ప్రభుత్వ ఖజానాకే వెళ్లేదనీ, కార్యక్రమాల మీద శ్రోతకి పెత్తనం ఏమీ ఉండేది కాదనీ ఒప్పుకోవాలి. అయినా "ఇది నా డబ్బుతో నడుస్తోంది" అనే ఎరుక ఉండేది. అది పోయాక మిగిలినవి రెండే దారులు: ప్రభుత్వ గ్రాంటు, వ్యాపార ప్రకటనలు. నలభై ఏళ్లుగా మన ప్రజా ప్రసార సంస్థ ఈ రెండింటి మధ్యే నలుగుతోంది.

రేడియోలో ప్రకటనలు ఎప్పుడు మొదలయ్యాయి?

1967 నవంబరు 1న వివిధ భారతిలో, బొంబాయి, పుణె, నాగపూర్ కేంద్రాల్లో. అసలు వివిధ భారతి పుట్టుకే ఒక కథ. 1952లో ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటల్ని రేడియోలో దాదాపు లేకుండా చేశారు. శ్రోతలేమో శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పేశారు. పోయినవాళ్లను వెనక్కి తెచ్చుకోవడానికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టారు. ఏది వినాలో మంత్రి నిర్ణయిస్తే శ్రోత ఏం చేస్తాడో ఆ అయిదేళ్లు చూపించాయి.

దూరదర్శన్ సంగతి?

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో, యునెస్కో సాయంతో, ప్రయోగంగా వారానికి రెండు రోజులు మొదలైంది. రోజూ ప్రసారాలు 1965 నుంచి. 1976 ఏప్రిల్ 1 దాకా టీవీ కూడా ఆలిండియా రేడియోలో భాగమే. అదే ఏడాది జనవరి నుంచి టీవీలో ప్రకటనలు వచ్చాయి. హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది. ఏసియాడ్ జరిగిన 1982లో రంగులొచ్చాయి. 1980ల చివర్లో ఆదివారం పొద్దున పురాణ సీరియళ్లు వచ్చే వేళకి వీధులు ఖాళీ అయ్యేవి, ప్రకటనల డబ్బు దండిగా వచ్చింది. రాష్ట్ర విభజన తరవాత 2014 నుంచి తెలంగాణకి యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌కి సప్తగిరి ఛానళ్లు.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన ఘట్టం 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సాగిన సైట్ ప్రయోగం. అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తీసుకుని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. కోళ్ల గూళ్లకు వాడే తీగ వలతో డిష్ యాంటెనాలు చేశారు. ఊరంతటికీ ఒకే టీవీ, దాని ముందు ఊరంతా కింద కూర్చునేది. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు, వాళ్ల భాషలోనే. లాభం చూసుకునే ఏ కంపెనీ ఆ పల్లెలకి వెళ్లేది కాదు.

స్వయంప్రతిపత్తి కావాలని ఎందుకు అడిగారు?

ఎమర్జెన్సీ వల్ల. ప్రభుత్వ శాఖగా ఉండటం మంచిది కాదని 1966లోనే ఎ.కె. చందా అనే ఆయన నాయకత్వంలోని కమిటీ చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. 1975 జూన్ 26 పొద్దున ఎమర్జెన్సీ సంగతి దేశం విన్నది రేడియోలోనే. ఆ తరవాత దాదాపు రెండేళ్లు రేడియో, టీవీ ప్రభుత్వం చెప్పిందే చెప్పాయి. ప్రతిపక్షం మాట వినపడలేదు. జనం 'ఆల్ ఇందిరా రేడియో' అన్నారు. రేడియోకి అంతకన్నా అవమానం లేదు.

జనతా ప్రభుత్వం వేసిన వర్గీస్ కమిటీ 1978లో 'ఆకాశ్ భారతి' అనే ట్రస్టుకి వీటిని అప్పగించమంది. 1979లో బిల్లు వచ్చింది. ప్రభుత్వం కూలింది, దానితో పాటు బిల్లూ పోయింది.

ఇక్కడి నుంచి మన తెలుగువాళ్ల పాత్ర మొదలవుతుంది, ఇది చాలామందికి తెలియదు. 1990లో ప్రసార భారతి చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించిన మంత్రి పర్వతనేని ఉపేంద్ర. కానీ ఆ ప్రభుత్వమూ పోయింది, చట్టాన్ని అమలు చేయకుండా బీరువాలో పెట్టారు. 1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ప్రసారాలు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండకూడదు, అలాగని ప్రైవేటు వాళ్ల గుప్పిట్లోకీ పోకూడదు అని ఆయన విడిగా వివరంగా రాశారు. 1997లో ఆ చట్టాన్ని బీరువాలోంచి తీసి అమల్లో పెట్టిన మంత్రి ఎస్. జైపాల్ రెడ్డి. పత్రికా సంపాదకుడు నిఖిల్ చక్రవర్తి మొదటి బోర్డు ఛైర్మన్.

చట్టం ప్రకారం సంస్థ నిజంగా స్వతంత్రమేనా?

కాగితం మీద చాలావరకు. ఛైర్మన్‌ని, సభ్యులని ఎంపిక చేసేది ఉపరాష్ట్రపతి, ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్, రాష్ట్రపతి నామినీ ఉన్న ముగ్గురి కమిటీ. సంస్థ పనితీరు చూడటానికి 22 మంది ఎంపీలతో పార్లమెంటరీ కమిటీ, శ్రోతల ఫిర్యాదులు వినడానికి ప్రసార మండలి ఉండాలని కూడా రాసుకున్నారు. ఈ రెండూ అక్షరాల్లోనే ఉండిపోయాయి. దేశ భద్రత వంటి విషయాల్లో కేంద్రం ఆదేశాలు ఇవ్వవచ్చన్న నిబంధన కూడా చట్టంలోనే ఉంది.

అసలు ముడి వేరే చోట ఉంది. సొంత ఆదాయానికి శాశ్వతమైన ఏర్పాటు చట్టంలో లేదు. కేంద్రం పార్లమెంటు ఆమోదంతో 'అవసరమనుకున్నంత' ఇస్తుంది. ప్రతి ఏడాదీ బడ్జెట్ ముందు చేయి చాచాల్సిన సంస్థ, డబ్బు పెట్టేవాళ్లని గట్టిగా ప్రశ్నించే వార్త రాయాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. నా ఫిర్యాదు అక్కడ పనిచేసేవాళ్ల మీద కాదు, ఈ ఏర్పాటు మీద.

ఇప్పుడు డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తోంది?

పెద్ద వాటా కేంద్ర గ్రాంటు, ఏటా 2,000 కోట్ల రూపాయలకు పైనే. అందులో సింహభాగం జీతాలకే పోతుంది. ట్రాన్స్‌మిటర్లు, స్టూడియోలు, పరికరాలకి వేరే పథకం. 2023 జనవరిలో బైండ్ అనే పథకానికి 2,539.61 కోట్లు మంజూరు చేశారు, 2025-26 వరకు. ఎఫ్‌ఎంని జనాభాలో 80 శాతానికి చేర్చడం, మారుమూల ప్రాంతాలకు నెలచందా లేని దూరదర్శన్ డిష్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్‌కి 8 లక్షల సెట్‌టాప్ బాక్సులు ఇవ్వడం అందులోవే.

మిగిలింది సొంత సంపాదన: ప్రకటనలు, ప్రభుత్వ శాఖల ప్రచార కార్యక్రమాలు, ఫ్రీ డిష్ స్లాట్ల వేలం, టవర్లూ స్థలాలూ అద్దెకివ్వడం. ప్రభుత్వ శాఖలిచ్చే ప్రచారాన్ని సొంత సంపాదనలో లెక్కేసినా, అదీ ఖజానా నుంచి వచ్చేదే అని మరిచిపోకూడదు.

అక్కడి ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులేనా?

2007 అక్టోబరు 5కి ముందు చేరినవాళ్లు ప్రభుత్వ ఉద్యోగుల కిందే లెక్క, రిటైరయ్యేదాకా డిప్యుటేషన్ మీద ఉన్నట్టు భావిస్తారు. తరవాత చేరినవాళ్లు సంస్థ ఉద్యోగులు. వీళ్లు కాక డ్యూటీకింత అని తీసుకునే క్యాజువల్ అనౌన్సర్లు ఉన్నారు. మీరు రోజూ వినే గొంతుల్లో చాలా వాళ్లవే, వాళ్లకి నెల జీతం ఉండదు.

డీడీ ఫ్రీ డిష్‌కి నెలనెలా ఎందుకు కట్టక్కర్లేదు?

చూసేవాళ్ల బదులు ఛానళ్లు కడతాయి. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సర్వీసుకి డిష్, బాక్సు ఒక్కసారి కొనుక్కుంటే చాలు. అందులో చోటు కోసం ప్రైవేటు ఛానళ్లు వేలంలో పాడుకుంటాయి.

క్రికెట్ మ్యాచ్ దూరదర్శన్‌లో ఉందంటారు, మా కేబుల్‌లో రాదేం?

2007 చట్టం ప్రకారం, జాతీయ ప్రాధాన్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్‌ని హక్కులు కొన్న ఛానల్ దూరదర్శన్‌తో పంచుకోవాలి. టీవీ ప్రకటనల రాబడిలో 75 శాతం వాళ్లకి, 25 శాతం ప్రసార భారతికి. రేడియోకైతే సగం సగం. అయితే ఆ సిగ్నల్ సొంత టవర్ల నుంచి, ఫ్రీ డిష్‌లో మాత్రమే ఇవ్వాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కేబుల్‌లో రాదు.

వేరే దేశాల్లో ఎలా నడుపుతారు?

బ్రిటన్‌లో బీబీసీకి టీవీ లైసెన్సు ఫీజు. జర్మనీలో 2013 నుంచి టీవీ ఉన్నా లేకున్నా ప్రతి ఇల్లూ కట్టే రుసుము. ఆస్ట్రేలియా 1974లో లైసెన్సు తీసేసి బడ్జెట్ నుంచి ఇస్తోంది. ఏ పద్ధతిలోనూ గొడవలు లేకపోలేదు.

ప్రైవేటు ఎఫ్‌ఎంలో వార్తలు ఎందుకుండవు?

సొంతంగా వార్తలు చెప్పడానికి వాటికి అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. అంటే రేడియోలో వార్తలకు ఈనాటికీ ఒకటే గొంతు. ఆ గొంతు ప్రభుత్వానిది కాకూడదని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఇన్ని ఛానళ్లున్న కాలంలో ఇంకా ఇదెందుకు?

తుఫాను రాత్రి అడగండి చెబుతారు. కరెంటు పోయి, సెల్ టవర్లు పడిపోయి, ఊరు చీకట్లో ఉన్నప్పుడు రెండు బ్యాటరీల ట్రాన్సిస్టర్ ఒక్కటే పలుకుతుంది. బోట్లు ఎప్పుడు ఒడ్డుకి తేవాలో, ఏ ప్రమాద హెచ్చరిక ఎగరేశారో మా కోస్తా మత్స్యకారులు దశాబ్దాలుగా విన్నది అందులోనే. ఆకాశవాణి 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారం చేస్తుంది. ప్రకటనలు రాని భాషలో మాట్లాడేవాళ్లకు కూడా ఈ దేశంలో వార్త వినే హక్కుంది కదా.

శ్రోతగా నేను అడగగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. సంస్థ లెక్కల్ని ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ చేస్తుంది, వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు వస్తుంది. సమాచార హక్కు చట్టం కూడా వర్తిస్తుంది. 10 రూపాయల ఫీజుతో మీ కేంద్రంలో తెలుగు కార్యక్రమాల ఖర్చెంతో, కళాకారుల పారితోషికాలు ఎంత బాకీ ఉన్నాయో, పాత టేపుల్లో ఎన్నింటిని డిజిటల్ చేశారో అడగవచ్చు. కార్యక్రమం గురించైతే నేరుగా స్టేషన్‌కే రాయండి. ఇవాళ్టికీ ఉత్తరాలు చదివే కార్యక్రమాలు ఉన్నాయి, మా తాతయ్య కార్డు రాసినట్టే రాయవచ్చు.